దొంగ కూడా పద్దు వ్రాసుకోవలసిందే

గత సంచికలో పెన్షను కాగితాల సంగతి వ్రాస్తూ, వచ్చే నెల మన బరంపురం పాత వీధుల పేర్ల కథ చెబుతామని మాట యిచ్చి వున్నాము. ఆ మాట యీ నెలకు తప్పుతున్నాము. చదువరులు మన్నించాలి. తప్పడానికి కారణం ఒక పంచాంగం.

కార్తీక మాసంలో ఒకనాటి రాత్రి మేము భోజనం చేసి వరండాలో కూర్చుని వుండగా, రెండిళ్ళ అవతల వుండే మావయ్యగారు వచ్చారు. రక్త సంబంధం యేమీ లేదు. మన తెలుగు వీధులలో పెద్దవాళ్ళంతా మావయ్యలూ పిన్నులూనేనని మేము చెప్పనక్కరలేదు కదా! ముప్పయి నాలుగేళ్ళు ఒక గిడ్డంగిలో స్టోర్సు గుమాస్తాగా పనిచేసి ఆరేళ్ళ క్రితం రిటైరైన మనిషి. చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి, మా యింటావిడ వంటింట్లో వున్నదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి అడిగారు: "బాబూ, యీ బిట్‌కాయిన్ లాంటి డబ్బు యెటు పోయిందో పోలీసులకు తెలుస్తుందా?"

మేము ఒక్క క్షణం ఆయనే యేదో చేయరాని పని చేశారేమో అనుకున్నాము. మా బుద్ధికి సిగ్గుపడుతున్నాము. జరిగినది వేరు.

టెలిగ్రామ్‌లో యెవరో ఆయనను ఒక గుంపులో చేర్చారు. రోజూ ఒకావిడ పేరుతో లాభాల లెక్కలు వచ్చేవి. మావయ్యగారు ముందు 20 వేలు పెట్టారు. నాలుగు రోజులలో తెర మీద 26 వేలు కనిపించింది. పరీక్షగా 5 వేలు వెనక్కి అడిగితే నిజంగానే బ్యాంకులో పడింది. ఆ 5 వేలే కొంప ముంచింది. తరువాత మూడు విడతలుగా 6 లక్షల 40 వేలు పెట్టారు. మొదటి విడత వాళ్ళు చెప్పిన బ్యాంకు ఖాతాలకు, మిగిలిన రెండూ ఒక క్రిప్టో మారకపు సంస్థలో ఖాతా తెరిచి, అక్కడ టెథర్ అనే డాలరు విలువ గల నాణెం కొని, వాళ్ళు యిచ్చిన చిరునామాకు పంపడం. చివరకు సొమ్ము వెనక్కి తీసుకోబోతే ముందుగా పన్ను కట్టాలన్నారు. ఆ 80 వేలూ అదే దారిన కట్టారు. మరునాటికి గుంపూ లేదు, ఆవిడా లేదు.

వచ్చిన 5 వేలు పోను 7 లక్షల 35 వేలు. ఆ మొత్తం ఆయన కాగితం చూడకుండా పైసలతో సహా చెప్పారు. "డబ్బు పోయినందుకు కాదు బాబూ. ముప్పయి నాలుగేళ్ళలో ఒక్క బోల్టు లెక్క తప్పని మనిషిని. యిది కోడలికి తెలిస్తే యే మొహం పెట్టుకుని ఆ యింట్లో కాఫీ అడగను?" అన్నారు. ఆ సిగ్గుతోనే, మనవడు ఫోను తీసుకుని ఆడుకునేటప్పుడు కంట పడుతుందని, టెలిగ్రామ్‌నూ ఆ వ్యాపారపు యాప్‌నూ ఫోనులోంచి తీసివేశారట. తొమ్మిది రోజులు యెవరికీ చెప్పలేదు. యిది రహస్యపు డబ్బు, ఆనవాలు వుండదు, చెప్పి లాభమేమిటి అని ఆయన నమ్మకం.

ఈ నమ్మకం మావయ్యగారికి ఒక్కరికే కాదు. మా కార్యాలయంలో డిగ్రీలు చదివిన కుర్రవాళ్ళకూ వున్నది. మేము మెట్రిక్యులేషన్‌తో ఆగినవాళ్ళము. కంప్యూటరు శాస్త్రం మాకు తెలియదు. కాని చిట్టా అంటే తెలుసు, ఆవర్జా అంటే తెలుసు. ఆ రాత్రి నుంచి యీ సంగతి చదవగా చదవగా మాకు తేలినదేమిటంటే, బిట్‌కాయిన్ అనేది దాచిన డబ్బు కాదు, నడిబజారులో తెరిచిపెట్టిన చిట్టా.

2008 అక్టోబరులో సతోషీ నకమోతో అనే మారుపేరుతో యెవరో దీని పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం వెలువరించారు. 2009 జనవరి 3న మొదటి పుట మొదలైంది. సుమారు పది నిమిషాలకు ఒక పుట చొప్పున నేటివరకు వ్రాస్తూనే వున్నారు. యే చిరునామా నుంచి యే చిరునామాకు యెంత వెళ్ళిందో ప్రతి పద్దూ అందులో వుంటుంది. ప్రతి పుట నెత్తిన వెనుకటి పుట గుర్తు వుంటుంది. మనం పుటకింత మొత్తం తేల్చి 'వెనుకటి పుట నుంచి తెచ్చినది' అని వ్రాసుకోమా, అటువంటిదే. పాత పుటలో ఒక అంకె దిద్దితే ఆ తరువాతి పుటలన్నీ తప్పని తేలిపోతుంది. పైగా ఆ చిట్టాకు లోకమంతటా వేలకొద్దీ నకళ్ళు. మా హెడ్ గుమాస్తాగారు కాఫీ ఒలకబోసి 'ఆ పుట పాడైంది' అనడానికి అక్కడ వీలు లేదు.

లేనిదల్లా మనుషుల పేర్లు. పేరు వుండవలసిన చోట అర్థం లేని అక్షరాల వరుస వుంటుంది. దొంగలు నమ్ముకున్నది ఆ ఒక్క దానినే.

అయితే పేరు లేకపోయినంత మాత్రాన చేతివ్రాత దాగుతుందా? 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో సారా మైకెల్‌జాన్ అనే పరిశోధకురాలూ ఆమె సహచరులూ ఒక పని చేశారు. తామే బిట్‌కాయిన్‌తో మూడువందలకు పైగా చిన్న చిన్న లావాదేవీలు జరిపి, తమ సొమ్ము యే చిరునామాకు చేరిందో చూసి, యిది ఫలానా అంగడిది, యిది ఫలానా మారకపు సంస్థది అని చీటీలు అంటించుకుంటూ పోయారు. రెండు మూడు చిరునామాలలోని చిల్లర కలిపి ఒకే చెల్లింపు చేస్తే, ఆ చిరునామాలన్నిటి తాళాలూ ఒకే మనిషి దగ్గర వున్నట్లు లెక్క అన్నది వారు అనుసరించిన సూత్రాలలో ఒకటి. మూడు డబ్బాలలోని పోపు గింజలు ఒకే మూకుడులో పడితే ఆ వంటిల్లు ఒకటేనని చెప్పడానికి గొప్ప చదువు కావాలా! ఒక్క డబ్బా మీద పేరు దొరికితే తక్కిన రెండూ వాటంతట అవే దొరుకుతాయి.

ఈ పద్ధతి యెంత దూరం పోతుందో చూపే కథ ఒకటి వున్నది. మావయ్యగారికి ఆ రాత్రి చెప్పలేకపోయాముగాని, తరువాత రెండుసార్లు చెప్పించుకున్నారు.

హాంకాంగ్ కేంద్రంగా వున్న బిట్‌ఫినెక్స్ అనే మారకపు సంస్థలోకి 2016 ఆగస్టులో ఒకడు దొంగదారిన దూరి, రెండువేలకు పైగా పద్దులలో 1,19,754 బిట్‌కాయిన్లు తన చిరునామాకు మళ్ళించుకున్నాడు. ఆనాటి విలువ 7 కోట్ల డాలర్లకు పైగా. చిట్టా తెరిచే వున్నది కనుక దొంగసొమ్ము యెక్కడ వున్నదో లోకమంతా చూస్తూనే వున్నది. యెవరిదో తెలియదు, అంతే. చాలాభాగం సంవత్సరాల తరబడి కదలలేదు. కదిలినది మాత్రం చిత్రవిచిత్రంగా కదిలింది. పెద్ద మొత్తంలోంచి కొంచెం తీసి ఒకచోట, మిగిలినదాన్ని కొత్త చిరునామాకు, అక్కడ మళ్ళీ కొంచెం తీసి యింకోచోట. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్లు. కొంత ఆల్ఫాబే అనే చీకటి బజారు గుండా పోయింది. కొంతదాన్ని వేరే రకం నాణేలుగా మార్చారు. చదివేవాడికి విసుగు పుట్టించడమే దాని ఉద్దేశ్యం. కాని అమెరికా పన్నుల శాఖ నేరపరిశోధకులకు విసుగు లేదు. వారూ మనలాంటి లెక్కల మనుషులే కదా!

చివరకు పట్టిచ్చినది యేమిటనుకున్నారు? ఆ సొమ్ములో అతి చిన్న ముక్క పెట్టి కొన్న 500 డాలర్ల గిఫ్ట్ కార్డు. వాల్‌మార్ట్ అనే పెద్ద అంగడిది. ఆ కార్డుతో సరుకులు కొన్న ఖాతా న్యూయార్కులో వుండే ఒక యువతి పేరున, ఆమె యింటి చిరునామాతో వున్నది. ఆమె భర్త ఇల్యా లిక్టెన్‌స్టైన్, ఆమె హెదర్ మోర్గన్. వేలకోట్లు దాచగలిగినవాళ్ళు యింటి సరుకు దగ్గర దొరికిపోయారు. మనిషన్న తరువాత వెచ్చాలు కొనుక్కోకుండా యెన్నాళ్ళుంటాడు?

2022 జనవరిలో వారి యిల్లు సోదా చేశారు. లోపల గుల్ల చేసిన పుస్తకాలు, పాతికల కొద్దీ పరికరాలు, 'ఒకసారి వాడి పారవేసే ఫోను' అని చీటీ అంటించిన ఒక సంచీ. చీటీ అంటించడమేమిటో! దొంగతనంలో కూడా యీ పొందిక చూసి మా గుమాస్తా హృదయం కొంచెం కరిగింది. సోదా వేళ ఆవిడ మంచం కింద వున్న పిల్లిని పిలుస్తున్నట్లు వంగి, బల్ల మీది ఫోనుకు తాళం పడేట్లు బొత్తాము నొక్కబోయిందట. అధికారులు చేతిలోంచి లాక్కున్నారు. తాళం పడిన ఫోను వేరు, తెరిచి వున్న ఫోను వేరు. ఆ తేడా ఆవిడకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

అసలు సంగతి అక్కడ కాదు. భర్త పేరున ఇంటర్నెట్టు మీద అద్దె బీరువా లాంటి ఖాతా ఒకటి వున్నది. అందులో ఒక దస్త్రం గూఢలిపిలో వున్నది. 2022 జనవరి 31న పరిశోధకులు దాని గూఢలిపి ఛేదించారు. లోపల సుమారు రెండువేల చిరునామాల జాబితా, ఒక్కొక్క దాని యెదుట దాని తాళం. దాదాపు అన్నీ ఆ దొంగతనానికి సంబంధించినవే. ఆ తాళాలతో 94 వేలకు పైగా బిట్‌కాయిన్లు ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. అప్పటికి వాటి విలువ 360 కోట్ల డాలర్లు, మన రూపాయలలో సుమారు 27 వేల కోట్లు. ఫిబ్రవరి 8న ఆ దంపతులను పట్టుకున్నారు. 2023లో నేరం ఒప్పుకున్నారు. 2024 నవంబరులో అతడికి అయిదేళ్ళు, ఆమెకు పద్దెనిమిది నెలలు శిక్ష పడింది.

రెండువేల తాళాలను యెవరు కంఠస్థం చేయగలరు? చేయలేరు గనుక దొంగ కూడా జాబితా వ్రాసుకున్నాడు. వ్రాసుకున్నాడు గనుక దొరికాడు.

ఇక్కడ రెండు పనులున్నాయని చదువరులు గమనించాలి. చిట్టా చదవడం ఒకటి. పరికరంలో, దస్త్రంలో తాళం వెతకడం మరొకటి. మొదటిది జరిగితే సొమ్ము యెక్కడ వున్నదో తెలుస్తుంది. రెండవది జరిగితేనే అది చేతికి వస్తుంది. మొదటిది జరిగి రెండవది జరగని కేసులు కొల్లలు. పద్దులను మరుగుపరిచే మొనేరో వంటి నాణేలున్నాయి. పదిమంది సొమ్మూ కలిపి కలియబెట్టి పంచే యంత్రాంగాలున్నాయి. ఆ దారిన పోయినదాని వెంటబడడం చాలా కష్టం. కనుక యీ విద్యతో పోయినదంతా తిరిగి వస్తుందని యెవరైనా అంటే నమ్మవద్దు.

కంచే చేను మేసిన వైనం కూడా యీ చిట్టాలో వున్నది. సిల్క్ రోడ్ అనే చీకటి బజారు మీద దర్యాప్తు చేసిన అమెరికా అధికారులలో ఇద్దరు, ఆ దర్యాప్తు చాటున తామే బిట్‌కాయిన్లు కాజేశారు. వేరొక శాఖవారు అదే చిట్టా చదివి వారినీ పట్టారు. 2015లో ఒకరికి 78 నెలలు, ఇంకొకరికి 71 నెలలు శిక్ష పడింది. మా ఆడిటు గుమాస్తా మిత్రుడికి యీ ముక్క చెబితే ఒక పూట ఆనందంగా వున్నాడు.

మన దగ్గర ఇటువంటివి లేవనుకోవద్దు. 2023 ఆగస్టులో మన ఒడిశా ఆర్థిక నేరాల విభాగంవారు సోలార్ టెక్నో అలయన్స్ అనే పథకం గుట్టు బయటపెట్టారు. సౌరశక్తి పేరు, క్రిప్టో నాణెం ఆశ, కింద మరికొందరిని చేర్పిస్తే లాభం. దేశమంతటా వేయి కోట్ల రూపాయల వ్యవహారమని పోలీసువారు అన్నారు. మన జిల్లాలలో చేరినవాళ్ళు తమ బావమరుదులను, తోడికోడళ్ళనే కదా చేర్పించి వుంటారు. ఆ బాధ డబ్బు లెక్కలో రాదు.

మళ్ళీ మావయ్యగారి దగ్గరకు వస్తాము.

ఆ రాత్రే 1930 నంబరుకు ఫోను చేయించాము. సైబరు నేరాలకు దేశమంతటికీ అది ఒకటే నంబరు. బ్యాంకు ద్వారా పోయిన సొమ్ము మొదటి గంటలలో చెబితే దారిలో ఆపే అవకాశం వుంటుంది. మావయ్యగారు తొమ్మిది రోజులు సిగ్గుకు ధారపోశారు. బ్యాంకు దారిన పోయిన 2 లక్షల 20 వేలు అప్పటికే చేతులు మారాయి.

మరునాడు సెలవు పెట్టి ఆయనను సైబరు పోలీసు ఠాణాకు తీసుకువెళ్ళాము. దరఖాస్తు ఒడియాలో మేమే వ్రాశాము. ఆయన దారి పొడుగునా తెలుగులో గొణుక్కుంటూనే వున్నారు. అక్కడ వున్న సబ్-ఇన్‌స్పెక్టరు ముప్పయి యేళ్ళయినా నిండని అమ్మాయి. కసరలేదు, నవ్వలేదు. మొదటి ప్రశ్న: సందేశాలు వున్నాయా? లేవు. టెలిగ్రామ్‌ను మళ్ళీ ఫోనులో వేయించి చూసింది. యాప్ తీసివేసినంత మాత్రాన సంభాషణ పోదట, ఖాతాలో వుంటుందట. కాని అవతలివాడు ఇద్దరి వైపునా చెరిపివేయగలడు. చెరిపివేశాడు. మావయ్యగారు తీసివేయక, మొదటి రోజే ఆ తెర బొమ్మలు తీసిపెట్టి వుంటే అవి మిగిలేవి. ఆ మాట ఆమె మెల్లగా అన్నది. ఆయన తల దించుకున్నారు.

రెండవ ప్రశ్న: డబ్బు పంపిన చిరునామా వున్నదా?

అప్పుడు మావయ్యగారు సంచీలోంచి పంచాంగం తీశారు.

ఈ పంచాంగం మా వీధిలో అందరికీ తెలిసినదే. పాలవాడి లెక్క, చాకలి పద్దు, గ్యాసు బండ తేదీ అన్నీ దాని అంచుల మీదే. గిడ్డంగిలో సరుకు గుమ్మం దాటే ముందు నంబరు వ్రాసుకోవడం ముప్పయి నాలుగేళ్ళ అలవాటు. ఆ అలవాటు కొద్దీ, తెర మీది చిరునామాను చూసి ఒక్కొక్క అక్షరమే వ్రాసి పెట్టుకున్నారు. మూడు పద్దులు: 2 లక్షల 40 వేలు, 2 లక్షలు, 80 వేలు. ఒక్కొక్క దాని పక్కన 34 అక్షరాల చిరునామా, గంట, నిమిషం. యే రోజు అని ఆమె అడిగితే ముందు "బహుళ ద్వాదశి" అన్నారు. తరువాతే తేదీ చెప్పారు.

చేతితో వ్రాసినది, తప్పు వుండదా అని మేము భయపడ్డాము. ఆమె చెప్పిన సంగతి విని ముచ్చటపడ్డాము. ఆ చిరునామాలలో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ అనే ఇంగ్లీషు గుర్తులు వాడరట. ఒకదానికొకటి పోలి వుంటాయని ముందే తీసివేశారు. పైగా చివరి అక్షరాలలో సరిచూపు లెక్క ఇమిడి వుంటుంది. ఒక అక్షరం తప్పితే అది చిరునామాగానే చెల్లదు. యెవరు యేర్పాటు చేశారో గాని, చేతితో నకలు వ్రాసే గుమాస్తాల కష్టం తెలిసినవాడై వుండాలి.

మావయ్యగారి మూడు చిరునామాలూ చెల్లాయి. ఆ అమ్మాయి మొదటిది కంప్యూటరులో కొట్టగానే, అందరికీ తెరిచి వుండే ఆ చిట్టాలో, ఆయన పంపిన పద్దు ఆయన వ్రాసిన నిమిషానికే కనిపించింది. పదకొండు నిమిషాల తరువాత అది యింకో చిరునామాకు పోయింది. అక్కడ వేరే చిన్న చిన్న మొత్తాలతో కలిసింది. అన్నీ కలిసి పెద్ద మొత్తమై, పరదేశపు మారకపు సంస్థ ఒకదాని చిరునామాకు చేరింది.

మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని తెర మీద వేలు పెట్టి అడిగారు: "అమ్మా, నా దాని పైన, కింద వున్న యీ పద్దులు యెవరివి?"

మేము ఒడియాలో అడిగి తెలుగులో చెప్పాము: "మీలాంటివాళ్ళవే మావయ్యా."

ఆయన చాలాసేపు ఆ వరుసలు చూస్తూ వుండిపోయారు. లెక్కపెట్టారనుకుంటాము. "పంతొమ్మిదిమంది" అన్నారు చివరకు. ఒక్క మనిషివే రెండు మూడు పద్దులు అయివుండవచ్చునని మేము అనబోయి వూరుకున్నాము.

ఇక మీద జరగవలసినది వుత్తరప్రత్యుత్తరాల పని. ఆ సంస్థకు పోలీసువారు వ్రాయాలి, వారు ఖాతాదారు పేరు యివ్వాలి. మన దేశంలో క్రిప్టో మారకపు సంస్థలు 2023 మార్చి నుంచి నల్లధన నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారు గుర్తింపు కాగితాలు ఉంచుకోక తప్పదు. పరదేశపు సంస్థల సంగతి ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. టెథర్‌ను విడుదల చేసే సంస్థ పోలీసులు కోరితే ఒక చిరునామాలోని సొమ్మును కదలకుండా బిగించగలదు, లోగడ బిగించి వున్నది కూడా. కాని అప్పటికి అక్కడ సొమ్ము వుండాలి. ఆ ఖాతా కూడా అద్దెకు పేరు యిచ్చిన యే బీదవాడిదో అయివుండవచ్చును. ఆ అమ్మాయి యివన్నీ దాచకుండా చెప్పింది. వస్తుందని అనలేదు, రాదనీ అనలేదు.

ఇంటికి వచ్చిన మూడవ రోజున మావయ్యగారికి వేరొక సందేశం వచ్చింది. పోయిన క్రిప్టో సొమ్ము తిరిగి తెప్పిస్తాము, ముందుగా 15 వేలు కట్టండి అని. ఒకసారి మోసపోయినవాళ్ళ జాబితా దొంగల బజారులో అమ్ముడుపోతుంది. ఆ సంగతి ముందే చెప్పివున్నాము కనుక సరిపోయింది. అయినా ఆయన చేయి ఒక్క నిమిషం ఆ సందేశం మీద ఆగింది. మేము చూశాము. అందుచేత చదువరుల యిళ్ళలో యెవరికైనా ఇటువంటి ఆపద వచ్చి వుంటే, మొదట వారిని తిట్టడం ఆపండి. ఫోనులో యేదీ తీసివేయనివ్వకండి. తెర బొమ్మలు, బ్యాంకు సందేశాలు, చిరునామాలు, లావాదేవీ సంఖ్యలు వున్నవి వున్నట్లు ఉంచి 1930కి చెప్పండి. తిరిగి తెప్పిస్తామని వచ్చేవాడికి ఒక్క రూపాయి కూడా యివ్వకండి.

కోడలికి చెప్పక తప్పలేదు. మారకపు సంస్థ ఖాతా తెరిపించిన ఈ-మెయిలు ఆయనకు గుర్తు లేదు, ఆ అమ్మాయే యెప్పుడో పెట్టి యిచ్చినది. మేము దగ్గర వుండి చెప్పించాము. ఆమె విని, కాసేపు యేమీ అనకుండా వుండి, "మావయ్యా, యిన్నాళ్ళూ రాత్రిళ్ళు నిద్రపోనిది యిందుకా? గుండె జబ్బేమో అని మేము డాక్టరు కోసం చూస్తున్నాము" అన్నది. ఆ పూటే ఖాతా తెరిచి, అందులోని పద్దుల పట్టికంతా అచ్చు తీసి యిచ్చింది.

పోయిన వారం ఫోనును పరీక్షకు యిచ్చి రావడానికి ముగ్గురమూ వెళ్ళాము. ఫోనులోని సమాచారానికి నకలు తీసి, ఆ నకలు నుంచి యంత్రం ఒక గుర్తు తీస్తుంది. అంకెలూ అక్షరాలూ కలిపి 64. నకలులో యెక్కడైనా ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. యేడాది తరువాత కోర్టులో మళ్ళీ తీస్తే అదే రావాలి. రాకపోతే యెవరో చేయి పెట్టినట్లు. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద యిచ్చే ధ్రువపత్రంలో ఆ గుర్తును వ్రాయవలసి వుంటుంది.

మావయ్యగారు ఆ గుర్తు నాకూ కావాలన్నారు. అచ్చు కాగితం యిస్తామన్నా వినలేదు. పంచాంగం తెరిచి, ఆనాటి తిథి కింద ఖాళీ చూసుకుని, కలం తీశారు. కోడలు పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరమే చదివింది, ఆయన వ్రాశారు. అంతా అయిన తరువాత మొదటి నుంచి ఒప్పు చూసుకుంటే ముప్పయ్యేడవ అక్షరం తప్పింది. దాన్ని కొట్టివేసి, పైన సరైనది వ్రాసి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేశారు.